మగపిల్లవాని చదువు ఎక్కడ జారిపోతున్నది?

ప్రతి వేసవిలోనూ పదవ తరగతి ఫలితాలు వెలువడిన మరునాడు పత్రికలన్నిటిలో ఒకే వాక్యం కనిపిస్తుంది: బాలికలదే పైచేయి. 2024లో కర్ణాటక ఎస్.ఎస్.ఎల్.సి. మొదటి పరీక్షలో బాలికలు 81.11 శాతం ఉత్తీర్ణులు కాగా, బాలురు 65.90 శాతం మాత్రమే ఉత్తీర్ణులయ్యారు. అదే సంవత్సరం తమిళనాడులో బాలికలు 94.53, బాలురు 88.58. ఆంధ్రప్రదేశ్‌లో 89.17, 84.32. మహారాష్ట్రలో 97.21, 94.56. ఒక రాష్ట్రపు ప్రశ్నపత్రం వంటిది కాదు మరొక రాష్ట్రపు ప్రశ్నపత్రం. కనుక ఈ అంకెలను పక్కపక్కన పెట్టి ఏ రాష్ట్రం మేలన్న తీర్పు చెప్పరాదు. అయినా నాలుగు చోట్లా తక్కెడ ఒకే వైపునకు మొగ్గినది. కర్ణాటకలోనైతే ఆ పరీక్షలో ప్రతి ముగ్గురు బాలురలో ఒకడు తప్పాడు.

ఆడపిల్లలు ముందంజ వేయడం మనసారా సంతోషించవలసిన విషయం. ఇంటిపని చేసి, తమ్ముళ్ళను ఎత్తుకొని, అన్న తిన్న కంచం కడిగి ఆపైన చదివిన చదువు వారిది. అయితే మగపిల్లవాడు ఎందుకు వెనుకబడుతున్నాడని అడిగితే రచ్చబండ మీద దొరికే సమాధానం ఒక్కటే: 'ఆడపిల్లలు కుదురుగా కూర్చుంటారు, మగపిల్లలకు కుదురు లేదు.' ఇందులో కొంత నిజమున్నా, కార్యకారణాలు తారుమారైనవి. చదవలేనివాడు కుదురుగా కూర్చోలేడు. పుస్తకం తెరిచి అరగంట దాని వంక చూస్తూ ఒక్క వాక్యం అర్థం కాని స్థితిలో పెద్దవారమైనా కదలకుండా కూర్చోగలమా? పదవ తరగతిలో బయటపడిన తప్పు పదవ తరగతిలో పుట్టినది కాదు. చాలామంది బాలుర విషయంలో అది రెండు, మూడు తరగతులలో పుట్టి, ఎనిమిది, తొమ్మిది తరగతులలో ముదిరి, పదిలో పేలుతుంది. సరిహద్దు పల్లెలలో ఆ తొలి తప్పునకు ఒక ప్రత్యేక కారణం కూడ ఉన్నది.

వీధి భాష, పుస్తక భాష

పావగడ, బాగేపల్లి ప్రాంతాలలోనైనా, హోసూరు, డెంకణికోట ప్రాంతాలలోనైనా తెలుగింటి బాలుడు ఏడెనిమిదేళ్ళ వయసుకే కన్నడమో, తమిళమో గలగల మాట్లాడతాడు. పర్లాకిమిడి, రాయగడలలో ఒడియా, సిరొంచ, దెగ్లూరులలో మరాఠీ ఆ స్థానంలో ఉంటాయి. గోలీలాటలో, క్రికెట్టులో, సంతలో, బస్సులో పట్టుబడిన భాష అది. 'మావానికి భాషతో ఇబ్బంది లేదు, ఇంట్లో కంటె వీధిలోనే బాగా మాట్లాడతాడు' అని తండ్రి గర్వంగా చెప్పుకుంటాడు. బడిలో ఉపాధ్యాయుడూ అదే అనుకుంటాడు. తీరా మూడవ తరగతిలో వాడు పాఠం చదవలేకపోతే నింద భాష మీదకు పోదు, వాని మీదకే పోతుంది: సోమరి, అల్లరివాడు, చదువు అబ్బనివాడు.

ఇక్కడే పొరపాటు జరుగుతున్నది. కెనడా దేశపు విద్యావేత్త జిమ్ కమ్మిన్స్ 1979 మొదలు ఈ విషయాన్ని విడమరచి చెప్పుతూ వచ్చారు. రెండవ భాషలో మాటామంతీ సాగించడానికి పిల్లలకు సుమారు 2 సంవత్సరాలు చాలును. అదే భాషలో పాఠం చదివి, అర్థం చేసుకొని, సొంతంగా వ్రాయడానికి 5 నుండి 7 సంవత్సరాలు పడుతుంది. ఈ రెంటి మధ్య ఉన్న దూరం పైకి కనిపించదు. వీధిలో ఎక్కువసేపు తిరిగే మగపిల్లవానికి మొదటిది త్వరగా వస్తుంది. అందువలన రెండవది రాలేదని ఎవరికీ అనుమానం రాదు.

ఒక చిన్న ఉదాహరణ. తెలుగులో 'అక్క వచ్చింది' అంటాము, 'బస్సు వచ్చింది' అని కూడ అంటాము. క్రియ ఒక్కటే. కన్నడంలో అక్కకు 'బందళు', బస్సుకు 'బంతు'. తమిళంలో అక్కకు 'వందాళ్', బస్సుకు 'వందదు'. ఇంటి తెలుగు నాలుక మీద ఉన్న బాలుడు అక్కకూ బస్సుకూ ఒకే క్రియ వ్రాస్తాడు. వీధిలో ఆ మాట అంటే స్నేహితులు నవ్వి ఊరుకుంటారు. పరీక్షాపత్రంలో ఎర్రసిరా గీత పడుతుంది. అది వాని అజాగ్రత్త కాదు. తెలుగు వ్యాకరణాన్ని వాడు సక్రమంగా పాటించాడు, చోటు మాత్రమే తప్పు. ఆ సంగతి వానికి ఒక్కసారి విప్పి చెప్పేవారు ఉంటే సంవత్సరాల తరబడి గీతలు పడవు.

తమిళ బడిలో మరొక చిక్కు ఉన్నది. తమిళ లిపిలో క, గ రెంటికీ ఒకే అక్షరం. ట, డ లకు ఒకటే. ప, బ లకు ఒకటే. మాటలో దాని స్థానాన్ని బట్టి పలుకు మారుతుంది. తెలుగు చెవి గల పిల్లవానికి ఇది మొదట వింతగా తోస్తుంది. కన్నడ లిపి అట్లా కాదు, తెలుగు లిపికి తోబుట్టువు వంటిది. తలకట్టు తీరు, కొన్ని అక్షరాల మలుపు గుర్తిస్తే ఒకటి వచ్చినవానికి రెండవది త్వరగా వస్తుంది. మరాఠీ బడిలో చిక్కు లెక్కల దగ్గర వస్తుంది. తెలుగులో 'ఇరవై ఐదు' అంటే పదుల స్థానం ముందు వినబడుతుంది, వ్రాసేటప్పుడూ అదే ముందు. మరాఠీలో 'పంచవీస్' అంటారు. అయిదు ముందు, ఇరవై వెనుక. విన్నది విన్నట్లు వ్రాసే పిల్లవాడు 25 బదులు 52 వేస్తాడు. లెక్క రాక కాదు, చెవికి చేతికి పొత్తు కుదరక. ఈ చిక్కు మరాఠీ పిల్లలకు కూడ ఉన్నదనే 2019లో అక్కడి పాఠ్యపుస్తక సంస్థ బాలభారతి రెండవ తరగతి గణితంలో 'వీస్ పాచ్' అన్న పద్ధతిని చేర్చినది. దాని మీద పెద్ద వాదమే నడిచినది. ఒడియాలోనూ నూరు వరకు సంఖ్యల పేర్లు దాదాపు దేనికది విడిగా నేర్చుకోవలసినవే. యానాంలో ఊరంతా తెలుగే గనుక ఈ బాధ తక్కువ.

పై తరగతులకు పోయే కొద్దీ పారిభాషిక పదాలు అడ్డు వస్తాయి. ఆకు తన ఆహారం తాను తయారు చేసుకునే క్రియను తెలుగు పుస్తకం కిరణజన్య సంయోగక్రియ అంటుంది. కన్నడ పుస్తకం ద్యుతిసంశ్లేషణె అంటుంది. తమిళ పుస్తకం ఒళిచ్చేర్కై అంటుంది. ఈ మాటలు గోలీలాటలో వినబడవు. వైశాల్యమన్న మాట కన్నడంలో విస్తీర్ణ. అయితే భిన్నం కన్నడంలోనూ భిన్నమే, తమిళంలో పిన్నం. ఇట్లా చుట్టరికం ఉన్న మాటలు వందల కొలది ఉన్నవి. వాటిని చూపించి చెప్పితే పిల్లవానికి సగం భయం తీరుతుంది.

ఇంటిలో తెలుగు మానవలెనా?

'ఇంట్లో తెలుగు మాట్లాడడం వల్లనే వెనుకబడుతున్నాడు, బడి భాషే ఇంట్లోనూ మాట్లాడండి' అన్న సలహా సరిహద్దు గ్రామాలలో తరచు వినబడుతుంది. సదుద్దేశంతో చెప్పినదే కావచ్చును, కాని హాని చేసే సలహా. తల్లికి బాగా రాని భాషలో తల్లి ఎంత మాట్లాడగలదు? 'రా, తిను, పడుకో' అన్నంత మాత్రమే. తెలుగులోనైతే అదే తల్లి పంట ఎందుకు పోయినదో, తాతల నాడు చెరువు ఎట్లా తెగినదో, లెక్క ఎక్కడ తప్పినదో పూసగుచ్చినట్లు చెప్పుతుంది. కారణం చెప్పడం, వరుసగా కథ నడపడం, పోల్చడం, ఊహించడం అన్నవి భాష మారినా వెంట వచ్చే శక్తులు. ఒక భాషలో గట్టిపడిన తరువాత వాటిని మరొక భాషలోకి తెచ్చుకోవడం సులభం. ఏ భాషలోనూ గట్టిపడకపోతే పిల్లవాడు రెంటికీ చెడిన రేవడి అవుతాడు.

చట్టం కూడ ఈ మాటనే సమర్థిస్తున్నది. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన సౌకర్యం కల్పించవలసిందిగా రాష్ట్రాలను కోరుతున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టం సాధ్యమైనంత వరకు బోధన మాతృభాషలో ఉండాలన్నది. 2020 జాతీయ విద్యావిధానం కనీసం అయిదవ తరగతి వరకు అదే మేలన్నది. ఆచరణ మాత్రం వేరు. తెలుగు మాధ్యమ పాఠశాల అన్ని ఊళ్ళలో లేదు. తమిళనాడులో 2006 నాటి చట్టంతో తమిళం మొదటి భాషగా అన్ని బడులలోకి వచ్చినది. ఉన్న పరిస్థితిలో పిల్లవాడు రాష్ట్రభాషను చక్కగా నేర్చుకొని తీరవలసినదే. బ్రతుకుతెరువు దానితోనే ముడిపడి ఉన్నది. ఇంటి తెలుగు దానికి పోటీ కాదు, పునాది.

చేయవలసిన పని పెద్దది కాదు. సాయంత్రం పిల్లవాడు ఆనాటి పాఠాన్ని తెలుగులో చెప్పాలి, ఇంటివారు వినాలి. చదువు రాని తల్లి కూడ ఈ పని చేయగలదు. 'ఆమెకు తెలియదు గనుక నేను చెప్పాలి' అన్న భావమే మగపిల్లవానికి మంచి ఊతం. అర్థం కాని మాటలకు ఒక చిన్న నోటుపుస్తకం పెట్టించి, ఒక వైపు బడి మాట, రెండవ వైపు ఇంటి మాట వ్రాయించాలి. తెలుగు అక్షరాలు బడిలో లేకపోతే తాతయ్యో, నాయనమ్మో, చదువుకున్న అక్కో వేసవి సెలవులలో నేర్పవచ్చును.

చదువుతున్నాడా, ఒప్పజెప్పుతున్నాడా?

తండ్రులు తరచు మోసపోయేది ఇక్కడ. రెండవ తరగతి పిల్లవాడు పుస్తకం చూస్తూ పాఠమంతా గడగడ అప్పజెప్పుతాడు, ఇంటిల్లిపాదీ మురిసిపోతారు. ఆ పాఠంలో మధ్య వాక్యాన్ని వేలితో చూపి చదవమంటే నోరు మెదపడు. చెవితో కంఠస్థం చేసినాడే గాని కంటితో చదవలేదు. పిల్లవాడు ఎన్నడూ చూడని పుటను, పాత వారపత్రిక ముక్కనైనా సరే, ముందు పెట్టి చదివించడమే నిజమైన పరీక్ష.

2021 జూలైలో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం మూడవ తరగతి ముగిసేసరికి పిల్లవాడు అర్థంతో నిమిషమునకు 60 మాటలు చదవగలగాలన్న లక్ష్యం పెట్టినది. తెలుగు, కన్నడ, తమిళ భాషలలో ఒక్కొక్క మాట పొడవు ఎక్కువ. కనుక గడియారం పట్టుకొని పిల్లవానిని బెదిరించనక్కరలేదు. తడబడకుండా ఒక పేరా చదివి, అందులో ఏమున్నదో రెండు మాటలలో చెప్పగలిగితే చాలును. చెప్పలేకపోతే ఆ లోటును అప్పుడే పూడ్చాలి. నాలుగవ తరగతి నుండి బడి చదవడం నేర్పదు. చదవడం వచ్చుననుకొని మిగిలిన విషయాలు నేర్పుతుంది. విద్యాహక్కు చట్టం పుణ్యమా అని ఎనిమిది వరకు చాలాచోట్ల పై తరగతికి పంపుతూ వచ్చారు. పిల్లవానిని అవమానం నుండి కాపాడిన మంచి నియమమే అది, కాని అదే ముసుగులో లోటు కూడ దాగిపోయినది.

ఇంకొక మాట. అనేక ఇండ్లలో కొడుకును ఇంగ్లీషు మాధ్యమపు ప్రైవేటు బడికి వ్యానులో పంపి, కూతురిని ఊరి ప్రభుత్వ బడిలో ఉంచుతారు. అంటే కొడుకు చదువునకు డబ్బు కొరత లేదు. కొరత పక్కన కూర్చునే మనిషికి. ఇంటిలో తెలుగు, వీధిలో కన్నడం, పుస్తకంలో ఇంగ్లీషు అయినప్పుడు వాని భారం మూడింతలు. వ్యాను వస్తున్నది, ఫీజు కట్టినాము, మిగిలినది బడి చూసుకుంటుందనుకోవడం అన్నిటికంటె ఖరీదైన నమ్మకం.

కంటికి కనిపించని అడ్డంకులు

కొన్ని లోపాలు బాలురలోనే ఎక్కువ. అక్షరాలు తారుమారుగా తోచే చదువు ఇబ్బంది, నిలకడ కుదరని లోపం, నత్తి బాలికలలో కంటె బాలురలో ఎక్కువగా గుర్తించబడుతున్నవి. రెండు భాషలు మాట్లాడడం వలన నత్తి వస్తుందన్న మాట నిజం కాదు. నత్తి ఉన్న పిల్లవానిని మాట మధ్యలో ఆపకుండా, వాని మాటను తామే పూర్తి చేయకుండా ఓపికగా వినాలి.

ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా సరిగా తెలియకపోవడం కూడ మగపిల్లలలోనే బాగా ఎక్కువ. ఈ లోపం తల్లి ద్వారా కొడుకునకు వస్తుంది. తల్లికి చూపు మామూలుగానే ఉంటుంది. మేనమామకు ఉంటే మేనల్లునికి ఉండే అవకాశం ఉన్నది. అట్టి బాలుడు దేశపటంలో రంగులు గుర్తించలేడు, పండిన మిరపను పచ్చిమిరపలో ఏరలేడు, అందుకు తిట్లు తింటాడు. చికిత్స లేదు, కాని తెలుసుకుంటే తిట్లు తప్పుతాయి. నల్లబల్ల కనిపించనివాడు మరొక రకం. వెనుక వరుసలో కూర్చొని పక్కవాని పుస్తకంలో చూసి వ్రాస్తాడు, కాపీ కొట్టుతున్నాడని పేరు పడుతుంది. సంవత్సరానికి ఒకసారి కళ్ళు, చెవులు చూపించడానికి ప్రాథమిక ఆరోగ్యకేంద్రం చాలును.

తిండి విషయంలో మగపిల్లవానికి లోటు లేదని అందరూ అనుకుంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 19 ఏళ్ళ మగపిల్లలలో 31.1 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. ఆడపిల్లలలో 59.1 శాతం, వారి స్థితి మరీ దయనీయం. అయినా ప్రతి ముగ్గురు బాలురలో దాదాపు ఒకనికి రక్తం తక్కువ అన్న సంగతి ఎన్ని ఇండ్లలో తెలుసు? రక్తం తక్కువైనవాడు తరగతిలో తూగుతాడు, దానికి సోమరితనమన్న పేరు. పొద్దున్నే టీ, బన్నుతో బడికి పంపడం మానాలి. రాగిసంగటి, ఉలవచారు, వేరుశనగ, ఆకుకూరలు, కోడిగుడ్డు మన పల్లెలకు కొత్తవి కావు. అన్నంతో పాటు టీ త్రాగితే తిండిలోని ఇనుము ఒంటికి పట్టదు. బడిలో వారానికి ఒకసారి ఇచ్చే నీలిరంగు ఇనుము మాత్ర, ఏటా ఫిబ్రవరి, ఆగస్టు నెలలలో ఇచ్చే నులిపురుగుల మాత్ర ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకూ ఉద్దేశించినవే.

పదమూడేళ్ళ వయసు

ఆడపిల్లలకు శరీరం ఎదిగే వేగం సుమారు 12 ఏళ్ళకు ఉచ్చస్థాయికి వస్తే, మగపిల్లలకు సుమారు 14 ఏళ్ళకు వస్తుంది. అంటే ఏడవ తరగతిలో ఒకే బల్ల మీద కూర్చున్న అమ్మాయి, అబ్బాయి వయసులో సమానమైనా ఎదుగుదలలో ఒకటి రెండేళ్ళ తేడా ఉంటుంది. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి అబ్బాయి గొంతు బొంగురుపోతుంది, మీసం తొంగిచూస్తుంది, ఆకలి, కోపం రెండూ పెరుగుతాయి. రాత్రి నిద్ర ఆలస్యంగా పట్టడం కూడ ఆ వయసు దేహధర్మమే. 13 నుండి 18 ఏళ్ళ వరకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరం. రాత్రి పన్నెండింటి దాకా ఫోను చూసి అయిదింటికి ట్యూషనుకు లేచినవానికి ఆ నిద్ర ఎక్కడిది? ఫోను రాత్రి తల్లిదండ్రుల గదిలో ఉండాలి, తండ్రి ఫోను కూడ అక్కడే ఉండాలి. నియమం ఒక్కరికే అయితే నిలువదు.

ఆడపిల్ల పెద్దమనిషి అయితే ఇంటిల్లిపాదీ కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పుతారు. మగపిల్లవానికి ఎవరూ ఏమీ చెప్పరు. వాడు వినేది గ్యారేజీ కుర్రవాళ్ళ నోట, చూసేది ఫోనులో. ఒంటిలో వచ్చే మార్పులు సహజమని, ఆడపిల్లలతో మర్యాదగా మెలగడం మగతనానికి తక్కువ కాదని చెప్పవలసినవాడు తండ్రి, లేదా మేనమామ. ఈ మాటలు ఒక రోజు కూర్చోబెట్టి ఉపన్యాసంగా చెప్పేవి కావు. పొలం గట్టు మీద నడుస్తూ, బండి మరమ్మతు చేస్తూ, చేతిలో ఏదో పని ఉండగా మగపిల్లలు ఎక్కువ మాట్లాడతారు.

'మగవాడివి, ఏడుస్తావా?' అన్న మాట మన ఇండ్లలో తరతరాలుగా ఉన్నది. దాని ఫలితంగా వాడు ఏడవడం మానడు, చెప్పడం మానుతాడు. దెబ్బ కూడ అంతే. విద్యాహక్కు చట్టం 17వ విభాగం బడిలో కొట్టడాన్ని, మనసును హింసించడాన్ని నిషేధించినది. 'చేతులు విరగ్గొట్టండి సార్, నేనేమీ అనను' అని తండ్రి స్వయంగా బడికి వచ్చి చెప్పినా ఆ నిషేధం పోదు. దెబ్బ తిన్న బాలుడు నేర్చుకునేది పాఠం కాదు, బడికి పోకుండా చెరువుగట్టుకు పోయే దారి.

మండీ పిలుపు

సరిహద్దు బాలుడు ఒక్కసారిగా బడి మానడు. శ్రీనివాసపురం వైపు మామిడి కోతలు మే, జూన్ నెలలలో జోరుగా ఉంటాయి. బడులు తెరిచేదీ ఆ రోజులలోనే. మండీలో బుట్టలు సర్దడానికి సెలవులలో పోయినవాడు 'ఇంకొక వారం, ఇంకొక వారం' అని జూలైకి గాని బడికి రాడు. వచ్చేసరికి రెండు మూడు పాఠాలు జరిగిపోయి ఉంటాయి. అప్పటికే చదవడం అంతంత మాత్రం. అర్థం కాని తరగతిలో కూర్చోవడం కంటె చేతికి రోజుకూలి వచ్చే చోటు గౌరవంగా తోస్తుంది. ములబాగిలు, కోలారు వైపు టొమాటో, శిడ్లఘట్ట వైపు పట్టుపని, హోసూరు కర్మాగారాలు, గ్రానైటు క్వారీలు, బెంగుళూరు హోటళ్ళు, పెయింటింగు పనులు అన్నీ ఇట్లాగే పిలుస్తాయి. సిరొంచ వైపు మే నెలలో బీడీ ఆకు సేకరణ. ఇంటికి ఆ డబ్బు అవసరం లేదని చెప్పలేము. అప్పు ఉన్న ఇంటిలో కొడుకు తెచ్చిన నోటు విలువ బడి గంట కంటె గట్టిగా మ్రోగుతుంది.

లెక్క మాత్రం తెలిసి వేసుకోవాలి. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం ప్రకారం 14 ఏళ్ళ లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టరాదు. సొంత కుటుంబపు పనిలో బడి వేళల తరువాత, సెలవులలో ప్రమాదం లేని సాయం చేయడానికి మాత్రం అనుమతి ఉన్నది. 14 నుండి 18 ఏళ్ళ వారిని గనుల వంటి ప్రమాదకరమైన పనులలో పెట్టరాదు. క్వారీలో చేయి నలిగిన బాలునికి పనిలో చేరిన కాగితమే ఉండదు.

ఇదే వయసులో మోటారుసైకిలు వస్తుంది. కొడుకు బండి నడిపితే ముచ్చట పడే తండ్రులు 2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టం తెలుసుకోవాలి. మైనరు నడిపి నేరం జరిగితే సంరక్షకునికి లేదా యజమానికి 3 సంవత్సరాల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. ఆ బాలునికి 25 ఏళ్ళ వరకు లైసెన్సు రాదు. పొగాకు, గుట్కా సంగతి కూడ ఇక్కడిదే: 18 ఏళ్ళ లోపు వారికి అమ్మరాదని, బడికి 100 గజాల లోపల అంగడి ఉండరాదని 2003 నాటి చట్టం ఉన్నది. బడి గోడకు ఆనుకొని అంగడి ఉన్న ఊళ్ళో గ్రామపెద్దలు ఆ చట్టం పేరు ఒక్కసారి ఎత్తితే చాలును.

బడిలో నిలిపేందుకు ఒక మంచి తాడు ఉన్నది. ప్రభుత్వ, ఎయిడెడ్ బడులలో ఎనిమిదవ తరగతి పిల్లలకు జరిగే జాతీయ ఉపకారవేతన పరీక్షలో ఎంపికైన వారికి తొమ్మిది నుండి పన్నెండు వరకు సంవత్సరానికి 12,000 రూపాయలు వస్తుంది. కుటుంబ ఆదాయం 3.5 లక్షలకు మించరాదు, ఏడవ తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి; ఎస్.సి., ఎస్.టి. పిల్లలకు 5 శాతం సడలింపు. ఏడవ తరగతిలోనే దీని మాట చెవిని వేస్తే బాలునికి తన సంపాదన అన్న పట్టుదల కలుగుతుంది. బుట్టలు మోసి తెచ్చే నోటుకు ఇది సమాధానం చెప్పగలదు.

తప్పినవాని మాట

ఫలితాల రోజు తప్పిన బాలుని ఒంటరిగా విడువరాదు, నలుగురిలో తిట్టరాదు. మాట్లాడక మూలకు చేరినా, తిండి మానినా, 'నేను లేకపోతే మీకు మేలు' వంటి మాట అన్నా తేలికగా తీసుకోరాదు. 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగు, కన్నడం, తమిళంతో సహా అనేక భాషలలో మానసిక సహాయం ఉచితంగా దొరుకుతుంది. పిల్లల ఆపదలకు 1098 ఉన్నది.

తప్పడం దారి మూసుకుపోవడం కాదు. కర్ణాటకలో 2024 నుండి ఒకే సంవత్సరంలో ఒకటి కంటె ఎక్కువ పరీక్షలు పెడుతున్నారు; మిగిలిన చోట్ల సప్లిమెంటరీ ఉన్నది. బడి భాషే అడ్డమైన పిల్లవానికి జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా పదవ తరగతి తెలుగులో వ్రాసే వీలున్నది. 14 ఏళ్ళు నిండినవారు చేరవచ్చును, పరీక్షలు ఏటా రెండుసార్లు జరుగుతాయి. చేతిపని మీద మక్కువ ఉన్నవానికి ఐ.టి.ఐ. ఉన్నది. వెల్డరు వంటి కొన్ని వృత్తులకు ఎనిమిదవ తరగతి చాలును, ఎలక్ట్రీషియనుకు పది కావాలి. గ్యారేజీలో జీతం లేని శిష్యునిగా రెండేళ్ళు నూనె తుడిచే బదులు ఆ రెండేళ్ళలో ప్రభుత్వం గుర్తించిన పత్రం చేతికి వస్తుంది. ఆ దరఖాస్తులు సాధారణంగా పది ఫలితాలు వచ్చిన కొన్ని వారాలలోనే పిలుస్తారు. మామిడి మండీ ముగిసిన తరువాత చూద్దామంటే అప్పటికి సీట్లు నిండిపోతాయి. బదిలీ పత్రం, మార్కుల జాబితా, ఆధారు, కులం, ఆదాయ ధ్రువపత్రాలు ఏప్రిల్ నెలలోనే తీసి పెట్టుకోవాలి. సరిహద్దు దాటి చదివిన పిల్లవానికి ఏ రాష్ట్రపు పత్రం అడుగుతారో తహసీల్దారు కార్యాలయంలో ముందే కనుక్కోవాలి.